మైల ఎల్లుండి పోతది

నారాయణపేటకు అందరు చీరల కోసం పోతరు. ఇంట్ల పెండ్లి ఉన్నోళ్లు పోతరు, బట్టల దుకాణమున్నోళ్లు పోతరు. మా చిన్నాయిన, నేను కోడిపుంజు కోసం పోయినం. తిరిగొచ్చినంక "చీరలు తేలేదా?" అని వాడకట్టు ఆడోళ్లు అడిగితే "రంగు కుదరలే" అని చెప్తున్న. అది అబద్ధం కాదు. మీరెవరన్న అటు పోయేదుంటే చీరలకే పొండ్రి. చీర ఎట్లున్నా ఇంటికొస్తది.

రామన్నపేట

మా చిన్నాయిన పేరు సత్తయ్య. మా నాయినకు తమ్ముడు. రిటైరైన డ్రిల్లు సారు. నేను డిగ్రీ కాలేజీల కామర్స్ చెప్త. ఇద్దరం టీచర్లమే అయినా ఆయన మాట పిల్లలే కాదు, కోళ్లు గూడ వింటయి. నా మాట మా డిపార్ట్‌మెంట్ల ఫ్యాను గూడ వినదు.

చిన్నాయిన పెంచేటియి మైల కోళ్లు. కోళ్లోళ్ల భాషల మైల అంటే ఒక రంగు. పొయ్యిల బూడిద మీద పిడికెడు ఎర్రమన్ను చల్లినట్టుంటది. ఇండ్లల్ల మైల అంటే వేరే, అది అందరికి ఎరుకే. చావుకో పురుడుకో ఇంటికి అంటుకునేది. ఈ రెండు మైలలకు ఏం సంబంధం లేదనుకునే మేం బయలుదేరినం.

ఎండకాలం కొక్కెర రోగం వచ్చింది. ఒకదాని వెనుక ఒకటి మెడలు మెలిపెట్టుకుంట, పచ్చగ పారుకుంట పడిపోయినయి. ఇన్నేండ్లు చూసి చూసి, మంచి కాలుదాన్ని మంచి కాలుదానితోని, మంచి కన్నుదాన్ని మంచి కన్నుదానితోని కలిపి తయారుచేసిన మంద అది. పెరట్ల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చినం. గుంత తవ్వింది నేను. నా సర్వీసు మొత్తంల నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటేనేమో.

మర్నాడు పొద్దుగాల చిన్నాయిన అలవాటు చొప్పున ఈల ఊదిండు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. బళ్లె పిల్లలను వరుసల నిలబెట్టే ఈల అది. ఎప్పుడు ఆ ఈలకు దొడ్డి దొడ్డంత ఉరికొచ్చి గింజల కోసం నిలబడేది. ఆ పొద్దు ఒక్క పెట్ట వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. వరుస లేకున్నా వరుసల నిలబడ్డది.

దాని పేరు పెద్దమేడం. చిన్నాయిన పనిచేసిన బడి హెడ్‌మాస్టరమ్మ నడక దాని నడక ఒక్కటేనట. వయసు గూడ రిటైర్మెంటుకు దగ్గెరనే ఉన్నది. అందుకే తొందర. అది గుడ్లు పెట్టే వయసుల ఉండంగనే దానికి సరైన జోడి దొరకాలె. దొరకకుంటే ఆ మంద అక్కడికి సరి.

పక్కింటోళ్ల పుంజుతోని ఒకసారి కలిపి చూసిండు. పిల్లలు మైల రంగుతోనే వచ్చినయి గని కాళ్లు పెన్సిళ్ల తీరుగ ఉన్నయి. "రంగు వచ్చింది, కోడి రాలే" అని పక్కింటోళ్లకే ఇచ్చేసిండు. రక్తం గూడ అదే ఉండాలె. అదే రక్తం ఉన్న పుంజు తెలంగాణ మొత్తంల ఒకే ఒకరింట్ల ఉన్నదని ఆయనకు తెలుసు. నారాయణపేట బాలప్ప సారు.

డ్రిల్లు ట్రైనింగుల ఇద్దరిది ఒక్క రూము, ఇద్దరు నేర్చింది ఒక్క తీరు ఈల. చిన్నాయిన ఊకల సర్దిన గుడ్లను బస్సు సీటు కింద పెట్టుకొని పోయి ఆయనకు ఇచ్చిండట. అప్పటిసంది అటు గుడ్లు ఇటు, ఇటు గుడ్లు అటు. ఫోన్ల మాట్లాడుకుంటే ఈకలు, కాళ్లు, కండ్లు. ఒకరి పిల్లల పేర్లు ఒకరికి తెలువయి.

"మరి ఫోన్ చెయ్యి" అన్న.

"ఏమని చెయ్యాల్రా? నా కోళ్లు సచ్చినయని చెప్పాల్నా?"

రోగం వచ్చినకాడి నుంచి ఆయనకు ఫోన్ చెయ్యలే. సిగ్గు. మొదలు వేరేకాడ చూద్దాం, దొరకకుంటే బాలప్పకు చెప్దాం అన్నడు. వానలు తగ్గినంక పెద్దమేడాన్ని గంపల కూసోబెట్టి, పైన పాత తువ్వాల కట్టి, మెడల ఈల ఏసుకొని బయలెల్లిండు. వెనుక నేను. కాలేజీకి సెలవు చీటీల "కుటుంబ అవసరం" అని రాసిన.

కట్టంగూర్

కట్టంగూర్‌ల రోడ్డు పక్కన సైదులు అనే ఆయన కోళ్లు పెంచుతడు. కార్లల్ల పోయేటోళ్లు ఆగి కొనుక్కపోతరు. ఎదురుంగ హోటల్ల చాయ ఇరవై రూపాయలు, గ్లాసు మాత్రం కండ్లల్ల ఏసుకునే మందు సీసా అంత. హైవే మీద అన్నీ పెద్దగైనయి, గ్లాసులు తప్ప.

సైదులు మనిషి కలుపుగోలు. "రాండ్రి సార్, రాండ్రి. ఏ రంగు గావాలె మీకు? రంగు చెప్పుండ్రి, వారంల తయారు చేసిస్త" అన్నడు.

"కోడిని వారంల ఎట్ల తయారు చేస్తవయ్యా?"

"అంత నమ్మకం సార్."

లోపలికి పోయి ఒక పుంజును పట్టుకొచ్చిండు. బూడిద రంగు, భుజాల మీద ఎరుపు. నేనైతే దండం పెట్టేటోన్నే. చిన్నాయిన దాన్ని చంకల పెట్టుకొని కన్ను చూసిండు, కాలు చూసిండు. బొటనవేలు నాలుకకు అద్దుకొని పుంజు మెడ మీద గట్టిగ రుద్దిండు. వేలు నల్లగైంది. పుంజు మెడ తెల్లగైంది.

"ఇది హెయిర్ డై గదా!" అన్న నేను.

సైదులు జరంత గూడ ఇబ్బంది పడలే. "మనుషులు ఏసుకుంటలేరా సార్? కోడి ఏసుకుంటెనే తప్పా?" అన్నడు, చిన్నాయిన మీసాలకెల్లి చూసుకుంట.

చిన్నాయిన మీసాలు రిటైరైన నాటి కంటె ఇప్పుడే నల్లగుంటయి. ఆ విషయం మా ఇంట్ల ఎవరం ఎత్తం. ఆయన పుంజును కింద పెట్టి రోడ్డు దాటిండు.

ఇగ తప్పేటట్టు లేదు. హోటల్ ముంగట నిలబడి బాలప్పకు ఫోన్ చేసిండు. లారీల మోతకు స్పీకర్ పెట్టిండు. అటు దిక్కు ఎత్తంగనే, సిగ్గు పడేటానికి టైం లేకుండ, ఒక్క ఊపుల అడిగేసిండు.

"నేను రామన్నపేట నుంచి! ఇంట్ల ఇంకా మైల ఉన్నదా?"

అటు నుంచి ఆడమనిషి గొంతు. "ఉన్నది సార్. మైల ఎల్లుండి పోతది."

"ఎల్లుండి పోతదా?" చిన్నాయిన మొఖం మీద రక్తం లేదు. "జర ఆపుండ్రమ్మా!"

"ఎట్ల ఆపుతం సార్? దినం పెట్టుకున్నం. రేపు మాపటికల్ల వస్తరు గదా మీరు?"

"వస్త, వస్త. నేనొచ్చిందాంక పోనియ్యద్దు!"

లారీ ఒకటి హారన్ కొట్టింది, ఫోన్ కట్టయింది. చిన్నాయిన లెక్క సాఫుగున్నది. బాలప్ప పుంజును ఎవరికో ఇస్తుండు. దినం గూడ పెట్టుకున్నరు. కొనేటోళ్లు ఆంధ్ర దిక్కునుంచి కార్లేసుకొని ఎల్లుండి వస్తరు. అంతకు ముందుగాలనే మనం పోవాలె. నాకు గూడ ఆ లెక్కల తప్పు కనబడలే. కామర్స్ చదివిన.

నల్లగొండ నుంచి పాలమూరు

ఆ రాత్రి నల్లగొండల ఉండి, మర్నాడు పొద్దుగాల దేవరకొండ బస్సెక్కినం. ఆడోళ్లకు ఫ్రీ అయినకాడి నుంచి బస్సుల మొగోడు సీటు దొరికిచ్చుకునుడంటె ఎమ్మెల్యే సీటు దొరికినట్టే. నేను రాడ్డు పట్టుకొని నిలబడ్డ. చిన్నాయిన గంపను చూసి ఎవరో అయ్యో పాపమని జరిగిండ్రు.

కండక్టరమ్మ వచ్చింది. "గంపల ఏమున్నది సార్?"

"పెద్దమేడం."

"ఏ మేడమైనా లగేజీ టికెట్ తీసుకోవాలె."

"ఆడోళ్లకు ఫ్రీ గదమ్మా!"

"ఫ్రీనే. ఆధార్ చూపియ్యమను."

అప్పుడే పెద్దమేడం తువ్వాల సందులకెల్లి తల బయటపెట్టి కండక్టరమ్మను ఎగాదిగా చూసింది. కండక్టరమ్మ గూడ చూసింది. "ఫొటో కలుస్తలేదు" అని టికెట్ కొట్టి చేతుల పెట్టింది. బస్సంత నవ్వింది. ఈ యాత్రల అందరం కలిసి నవ్వింది అదొక్కసారే, అందుకే రాస్తున్న.

మా పక్కన ఒక అవ్వ కూసున్నది. ఒళ్లె సంచి, సంచిల రొట్టెలు. చాలసేపు పెద్దమేడాన్నే చూసింది. "రంగు మంచిగున్నది కొడుకా. అమ్ముతవా?" అన్నది.

"లేదవ్వా."

"మైసమ్మకు మొక్కిన. బిడ్డ దవాఖానల ఉన్నది. ఇసొంటి రంగుదే ఇస్తనని మొక్కిన."

మామూలు కోడి అయితే పండుగ దాంక బతుకుతది. మంచి రంగున్న కోడిని దేవుండ్లు గూడ చూసి పెట్టుకుంటరు. చిన్నాయిన గంపను మెల్లగ కాళ్ల నడుమకు జరుపుకున్నడు.

"ముసలిదవ్వా ఇది. దేవతకు పనికిరాదు."

"నేను గూడ ముసలిదాన్నే. పనికొస్తలేనా?" అన్నది అవ్వ. కోపంగ ఏం అనలే. దేవరకొండల దిగేటప్పుడు సంచిలకెల్లి ఒక రొట్టె తీసి, ముక్క తుంపి గంపల వేసి దిగింది. బిడ్డకు ఏమైందో అడుగలే మేము. తర్వాత ఆ మాట ఇద్దరికీ గుర్తుకొచ్చింది గని అప్పటికి మేమెక్కిన రెండో బస్సు డిండి దాటింది.

అక్కణ్నుంచి పాలమూరు దాకా పత్తి చేన్లు, బండలు, మళ్ల పత్తి చేన్లు. మా నల్లగొండ గుట్టలు ఎవరో పారబోసినట్టుంటయి. పాలమూరు గుట్టలు వరుసగ పేర్చినట్టుంటయి. కల్వకుర్తి బస్టాండుల అన్నం తిన్నం. పప్పు చారుతీరు, చారు నీళ్లతీరు, నీళ్లు మాత్రం నీళ్లతీరే ఉన్నయి. చిన్నాయిన తినుకుంట గూడ గడియారం చూసిండు. "వాళ్లు ఇయ్యాల్నే వస్తరేమోరా" అన్నడు. ఆ పుంజును ఎవరో కార్ల తీసుకపోతున్నట్టు ఆయనకు కండ్లముంగట కనబడుతున్నది.

నారాయణపేట, మాపటిపూట

నారాయణపేటల దిగంగనే మగ్గాల చప్పుడు చెవులవడ్డది. మాటలల్ల సగం కన్నడ వాసన. బస్టాండు దగ్గెర మరమరాలు నానబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి ఏసి పోపు పెట్టి ఇస్తున్నరు. మా దిక్కు మరమరాలు నానితే పారబోస్తం. రుచి చూసినంక ఇన్నేండ్లు ఎంత పారబోసినమో అనిపించింది.

బాలప్ప ఇల్లు ఊరి చివర. దగ్గెరకు పోతుంటే ముంగట టెంటు కనబడ్డది. కుర్చీలు ఉన్నయి. "చూసినవా? అమ్ముడుగూడ గింత ఆర్భాటంగ చేస్తున్నడు" అన్నడు చిన్నాయిన.

గడపల నుంచి ఒక ఆమె ఎదురొచ్చింది. తల దువ్వుకోక చాల రోజులైనట్టున్నది. "వచ్చిండ్రా సార్? రామన్నపేట మైల సార్ మీరేనా?"

"నేనే. బాలప్ప ఏడి?"

ఆమె ఇద్దరి మొఖాలు చూసింది. "బాలప్ప ఏడి అంటరేంది సార్? మామ పోయిండు గదా. రేపే దినం. మైల తీయనీకి రాలేదా మీరు?"

పక్కింట్ల మగ్గం టకటక కొట్టుకుంటనే ఉన్నది. మా దిక్కు చావైతే వాడకట్టు మొత్తం పని ఆపుతది. ఇక్కడ నేతకు గడువుంటది, చావుకు ఉండదు.

చిన్నాయిన గంప పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"మరి పుంజు?"

ఆయన తరఫున నేను సిగ్గుపడ్డ. కని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తున్నది, వాళ్లిద్దరు ఇన్నేండ్లు కోళ్ల మాటలతోనే అన్ని మాట్లాడుకున్నరు. ఏడుపుకు వేరే మాటలు ఎక్కడినుంచి తెస్తడు?

ఆమె పేరు శరణమ్మ. బాలప్పకు కోడలు. కుర్చీలు ఏసి కూసోబెట్టింది, మామ ఫోన్ తెచ్చి చూపించింది. దాంట్ల మా చిన్నాయిన పేరు సత్తయ్య అని లేదు. "మైల సార్" అని ఉన్నది.

"మైల తీసే అయ్య నెంబరేమో, మామ ముందుగాలనే రాసి పెట్టుకున్నడేమో అనుకున్న సార్. మామ అన్నీ ముందుచూపుతోని చేసేటోడు. మీరు గూడ ఫోన్ చెయ్యంగనే మైల ఉన్నదా అనే అడిగితిరి" అన్నది. "కోడిగంపతోని వస్తుంటే మీ దిక్కు కోడితోని తీస్తరేమో అనుకున్న."

మంచిగ నిద్రపోయినట్టే పోయిండట బాలప్ప. పొద్దుగాల కోళ్లకు ఈల ఊదలేదని లోపలికి పోయి చూసిండ్రట.

నీళ్లు తెచ్చి ఇయ్యాల్నా వద్దా అన్నట్టు ఆమె చెంబు పట్టుకొని నిలబడ్డది. మైల ఇంట్ల బయటోళ్లు నీళ్లు ముట్టరు. చిన్నాయిన చెయ్యి చాపిండు. "ఇయ్యమ్మా. నేను మైల సార్‌నే గదా" అని గటగట తాగిండు.

అప్పుడు పుంజు ముచ్చట చెప్పింది శరణమ్మ. ఉన్నది. కని దొరుకుతలేదు. మామ పోయిననాటి సంది కోళ్లన్నీ అడివి కోళ్లయినయి. మిగతా పుంజులు మూడో దినంనాడే వంటకు అయిపోయినయి. ఈ మైల పుంజు, పెట్టలు మాత్రం గోడలెక్కి, ఎదురింటి డాబా ఎక్కి, చెట్టెక్కి తిరుగుతున్నయి. గోడకు మేకు, మేకుకు బాలప్ప ఈల వేలాడుతున్నది. "మేమందరం ఊది చూసినం. మా ఊదుడుకు వస్తలేవు. మామ ఊదే తీరు వేరే ఉండె."

చిన్నాయిన లేచి వాకిట్లకు పోయిండు. తన మెడల ఈల నోట్ల పెట్టుకున్నడు. రెండు పొట్టివి, ఒక పొడుగుది.

ముందుగాల డాబా మీద ఒక తల లేచింది. తర్వాత గోడ మీద. మళ్లొకసారి ఊదిండు. అంతే, పైకెల్లి, కిందికెల్లి, నీళ్ల డ్రమ్ము వెనుకకెల్లి నల్ల పెట్టలు, మైల పెట్టలు ఉరికొచ్చినయి. ఆఖరికి వేపచెట్టు మీదికెల్లి పుంజు దిగింది. బూడిద మీద ఎర్రమన్ను చల్లినట్టు. బరువైన కాలు, ముత్యం తీరు కన్ను. వాకిట్ల అన్నీ వరుసగ నిలబడ్డయి.

శరణమ్మ పకపక నవ్వింది. అదే నవ్వుల ఏడ్వబట్టింది. చిన్నాయిన జొన్నలు అడిగి చల్లిండు, గంప తువ్వాల విప్పిండు. పెద్దమేడం బయటికొచ్చి రెక్కలు దులుపుకున్నది. పుంజు ఒక రెక్క నేలకు ఆనిచ్చి దాని చుట్టు గుండ్రంగ తిరిగింది. పెద్దమేడం కొంచెంసేపు పెద్దరికం చూపెట్టింది, తర్వాత వంగింది. చిన్నాయిన మొఖం పక్కకు తిప్పుకున్నడు. అసలు హెడ్‌మాస్టరమ్మ మీద ఆయనకు ఇంకా గౌరవమున్నది.

అటు తిప్పినందుకే ఆయనకు కనబడ్డది. బాలప్ప కొడుకు మల్లేశు మెల్లగ వాకిలి తడుక మూస్తున్నడు. ఇద్దరు చుట్టాలు గంపలు, గోనెసంచులు పట్టుకొని గోడ పొంటి వస్తున్నరు. కోళ్లు వరుసల నిలబడే ఉన్నయి. ఈల మళ్ల ఊదేదాంక కదలద్దని బాలప్ప నేర్పిండేమో. ఒక్కటి గూడ తప్పిచ్చుకపోలే.

"మీ పుణ్యమాని దొరికినయి సార్" అన్నడు మల్లేశు, పుంజును కాళ్లు పట్టి ఎత్తుకుంట. "మస్తు తిప్పలు పెట్టినయి. రేపు మందికి ఎట్లరా అనుకుంటున్నం."

"గా పుంజును నాకియ్యి బిడ్డా" అన్నడు చిన్నాయిన. "దాని బదులు మేకపోతును కొనిస్త. గీడనే, ఇప్పుడే."

"వద్దు సార్. మైల ఇంట్లకెల్లి వస్తువు బయటికియ్యద్దు."

"రేపు మైల పోయినంక ఇయ్యి."

"రేపు పొద్దుగాల్నే కోస్తం గద సార్. బాపుకు గీ పుంజంటె పాణం. బాపుకు ఇష్టమైంది బాపు దినంనాడు పెట్టకుంటె ఎట్ల?"

"ఇష్టమంటె... తినుటానికి కాదు బిడ్డా."

"మరి దేనికి సార్?"

వెటకారం లేదు ఆ మాటల. నిజంగనే తెలుసుకుందామని అడిగిండు. ఇంట్ల పుట్టి పెరిగినోడు, తండ్రి ఎందుకు ఆ పుంజును చూసుకుంట గంటలు గంటలు కూసునేటోడో తెలువక అడిగిండు. చిన్నాయిన నా దిక్కు చూసిండు. నేను చెట్టు దిక్కు చూసిన.

నారాయణపేట, దినంనాడు

రాత్రి బస్టాండుకాడ లాడ్జిల ఉన్నం; దినానికి పోవద్దంటే చిన్నాయిన వినలే. "పోకుంటె బాలప్ప ఏమనుకుంటడు?" అన్నడు. మేము పోయేటాలకు ఇల్లు కడిగిండ్రు, సున్నం ఏసిండ్రు, అసలు అయ్య వచ్చి నీళ్లు చల్లి పోయిండు. మైల పోయింది. పెరట్ల పెద్ద డేగిశ కింద మంట మండుతున్నది. దాని పక్కన ఈకల కుప్ప. నల్లయి, బూడిదయి. గాలికి ఒకటి రెండు లేచి మగ్గం కిటికీల నుంచి పోయినయి.

కోసేటప్పుడు మల్లేశు ఎక్కెక్కి ఏడ్చిండని, కత్తి ఇంకొకరు పట్టాల్సి వచ్చిందని శరణమ్మ చెప్పింది. అతన్ని తిట్టుకుందామని పోయిన నాకు ఆ సౌలత్ గూడ లేకుండ పోయింది.

ఫొటో ముంగట ఇస్తరి ఏసి అన్నీ వడ్డించిండ్రు. జొన్నరొట్టె, పల్లికారం, కోడికూర. మల్లేశు పుంజు కాలు ఒకటి ఫొటో ముంగట పెట్టిండు. రెండోది తెచ్చి చిన్నాయిన ఇస్తరిల పెట్టిండు.

"బాపుకు ఒక కాలు, మీకొక కాలు సార్. మీరు ఊదకుంటె ఇది కాకపోతుండె."

నేను చిన్నాయినకు కన్ను సైగ చేసిన, కడుపుల బాగలేదని చెప్పుమని. ఆయన నన్ను చూడలే. తిన్నడు. తొందరపడలే, విసుక్కోలే, ఆఖరి పీసు దాకా తిన్నడు. చావింట్ల పెట్టింది వద్దంటె పోయినోన్ని వద్దన్నట్టు. తిన్నంక బొక్కను వెలుతురుకు పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"ఎముక చూడు ఎంత దొడ్డుగున్నదో" అన్నడు నాతోని, మెల్లగ. "బాలప్ప ఎక్కడ గూడ కల్తీ చెయ్యలే."

బయలెల్లేటప్పుడు మల్లేశు మేకుకున్న ఈల తీసి చిన్నాయిన చేతుల పెట్టిండు. ఇప్పుడు మైల లేదు కాబట్టి ఇయ్యొచ్చు. శరణమ్మ పెద్దమేడానికి దారిల తినేటందుకు జొన్నలు మూట కట్టిచ్చింది. "పిల్లలైతే చెప్పుండ్రి సార్. మామ పేరు చెప్పుకొని చూసుకుంటం" అన్నది.

వచ్చేటప్పుడు మాదగ్గెర ఈలలు రెండు, కోడి ఒకటి.

మళ్ల ఇంట్ల

పెద్దమేడం గుడ్లు పెట్టింది, పొదిగింది. ఆ వయసుల ఆ పని చేసినందుకు దానికి సన్మానం చెయ్యాలె. పిల్లలు అయినంక కొన్ని రోజులు వాటిని వెంబడేసుకొని తిరిగింది. ఒకనాడు పొద్దుగాల ఈలకు పిల్లలు మాత్రమే వచ్చినయి. మేడం గంపలనే రిటైరైంది.

పిల్లలల్ల మైలది ఒక్కటి గూడ లేదు. అన్నీ నల్లయి, ఒకటి మాత్రం చుక్కల తెల్లది. నేను గుండె రాయి చేసుకున్న గని చిన్నాయిన మాత్రం హుషారైండు. మైల మైల కలిస్తే కొన్ని మైలయి, కొన్ని నల్లయి, కొన్ని చుక్కల తెల్లయి అవుతయట. నల్లదాన్ని నల్లదానితోని కలిపితే మైల ఎన్నటికి రాదు. నల్లదాన్ని ఈ చుక్కల తెల్లదానితోని కలిపితే మాత్రం అన్నీ మైలయే అవుతయట. "మైల ఎటూ పోలేదురా. ఇది రెక్క కింద దాసుకున్నది" అన్నడు, ఆ చుక్కలదాన్ని అరచేతుల పెట్టుకొని.

దాన్ని ఇంట్లనే పెంచిండు. మంచం కింద గంప. కొంచెం ఈకలు వచ్చినంక ఎండ తగులాలెనని వాకిట్ల ఇడిసిండు, పక్కనే కుర్చేసుకొని కూసున్నడు. నల్లపిల్లలు గూడ అక్కడ్నే ఉన్నయి. ఆకాశంల తిరిగే గద్దకు నల్లమట్టి మీద నల్లపిల్ల కనబడదు. తెల్లది కనబడ్డది. చిన్నాయిన ఈల నోట్ల పెట్టుకునే లోపల అయిపోయింది. పెట్టుకున్నా గద్ద డ్రిల్లు నేర్చుకున్న జాతి కాదు.

మొన్న నేను ఆయనింటికి పోయి కూసున్నప్పుడు ఫోన్ మోగింది. తెర మీద "బాలప్ప" అని వచ్చింది. చిన్నాయిన ఆ పేరును కొంచెంసేపు మోగనిచ్చి ఎత్తిండు.

శరణమ్మ. మంచిచెడ్డలు అడిగింది. మల్లేశు కోళ్లు పెంచుదామంటున్నడట, ఈల ఎట్ల ఊదాల్నో అడుగుమన్నడట. "మా పుంజు పిల్లలు పెద్దగైనయా సార్? మైల ఉన్నదా?" అన్నది. ఈసారి ఆమె అడిగింది రంగు గురించే.

"పోయిందమ్మా" అన్నడు చిన్నాయిన.

"మంచిది సార్" అన్నది ఆమె, అలవాటు కొద్ది. ఆ మాట అన్నంక ఏమన్నదో ఆమెకు తెలిసినట్టున్నది. అటు దిక్కు మగ్గం చప్పుడు వినబడ్డది, చాలసేపు. ఇద్దరిల ఎవరు గూడ ఫోన్ పెట్టలే.